మాస్టారు నాకు పెట్టిన ఇంటిపేరు

మా ఫార్సీ మాస్టారు మంగళవారం పొద్దున్న పోయారు. ఆయన కూతురు ఫోన్ చేసేసరికి నేను నాన్నకి అన్నం డబ్బా కడుతున్నాను. ముందుగా వచ్చింది దుఃఖం కాదు, భయం. ఇక ఆయనకి నిజం చెప్పడం కుదరదు.

భవానీపూర్‌లో ఆయన ఇంటి ముందుగదిలో మూడేళ్ళు ప్రతి శనివారం చదువుకున్నాం, తొమ్మిదిమందిమి. మొదటిరోజు ఆయన అక్షరాలు మొదలుపెట్టలేదు. "మీ ఇంట్లో ఏ పని చేసి అన్నం తింటారు?" అని ఒక్కొక్కరినీ అడిగి, ఆ పనినే ఇంటిపేరుగా ఇచ్చారు. బట్టలు కుట్టేవాళ్ళ అబ్బాయి టర్కీ భాషలో తెర్జీ అయ్యాడు. బేకరీవాళ్ళ అమ్మాయి ఎక్‌మెక్‌చీ. ఎక్‌మెక్ అంటే రొట్టె. చివరి 'చీ' మన ఖజాంచీలో ఉన్నదే, ఆ పని చేసే మనిషని. సుమారు వందేళ్ళ కిందట టర్కీలోనూ ఇరాన్‌లోనూ అందరూ ఇంటిపేరు పెట్టుకోవాలని చట్టాలొస్తే, చాలామంది తమ పనినో తాత పనినో రాయించుకున్నారట. "పాషాల బిరుదులు పోయాయి, రొట్టెలవాడి పేరు మిగిలింది" అని నవ్వేవారు.

నా వంతు వచ్చింది. కాన్వెంటు ఫారాల్లో నాన్న వృత్తి గడిలో 'సర్వీస్' అని రాసి తప్పించుకునేదాన్ని. ఇక్కడ అది చాలదు. "క్లర్కు" అన్నాను.

"అయితే నువ్వు మున్షీవి."

మా నాన్న మురుగుకాలవల్లోకి దిగి పూడిక తీస్తారు.

అప్పట్నుంచీ హాజరులో ఆ పేరు పిలిస్తే తల దించుకునే పలికేదాన్ని. నా దస్తూరీ బాగుంటే "మున్షీ ఇంటి పిల్ల కదా!" అని అందరికీ చూపించేవారు. ఆయనతో రోడ్డు మీద నడవడమూ పాఠమే. మజుందార్ అన్న బోర్డు కనిపిస్తే నడిరోడ్డులో ఆగి, లెక్కలూ పత్రాలూ చూసేవాళ్ళ పేరది, ఆ 'దార్' ఫార్సీదని చెప్పేవారు. వెనక టాక్సీ హారన్ కొడితే "ఆగు దాదా, క్లాసు అవుతోంది" అనేవారు.

ఒక శనివారం మొఖన్నీ అన్న ఇంటిపేరు చెప్పారు. ఇరాన్‌లో నేల కింద నీళ్ళకి సొరంగాలు తవ్వేవాళ్ళు. మట్టి కూలితే అదే కఫన్, శవానికి చుట్టే బట్ట, అవుతుందని తెల్లబట్టలతో దిగేవాళ్ళట. "ఈ పేరు వింటే లేచి నిలబడండి" అన్నారు. లేచాం. నాన్న దిగిన రోజు ఫోన్ మోగితే అమ్మా నేనూ ఒకరి మొహం ఒకరం చూసుకుంటాం. ఆ సంగతి ఆయనకి చెప్పవలసింది అప్పుడే. అందరితోపాటు కూర్చున్నాను.

మంగళవారం నాన్న పనికి వెళ్ళలేదు. "మీ మాస్టారే కదమ్మా, నానూ వస్తాను" అన్నారు. వద్దనలేకపోయాను. ఇస్త్రీ చొక్కా తొడుక్కున్నారు. తీరా ఆ ఇంటి మెట్ల దగ్గర ఆగిపోయారు.

"నాను కిందనే ఉంటాన్లే. పైన నీతోటి సదివినోలు ఉంటారు."

నా అబద్ధం నాన్నకి తెలుసని అప్పుడు తెలిసింది.

ఈలోగా తెర్జీ మెట్లు దిగి వచ్చాడు. "మున్షీ! వచ్చావా?" అని నాన్న వైపు తిరిగాడు. "కాకూ, మీది ఏ ఆఫీసు?"

నాన్న నా వైపు చూశారు. "ఏదో ఆఫీసులే బాబూ."

"ఆఫీసు కాదు" అన్నాను. "మురుగుకాలవల్లోకి దిగుతారు. మాస్టారికి అబద్ధం చెప్పాను."

"పిచ్చిదానా, ఆయన మనల్ని నిలబెట్టిన రోజున చెప్పి ఉంటే..." అని ఆపేశాడు తెర్జీ. తర్వాత నాన్న చెయ్యి పట్టుకున్నాడు. "రండి కాకూ. జనాజా మొయ్యడానికి మనుషులు చాలడం లేదు."

ఆడవాళ్ళం పై కిటికీ దగ్గర నిలబడ్డాం. మగవాళ్ళు పాడె ఎత్తుకుని కదిలారు. వాళ్ళలో నాన్న ఎంతకీ కనబడలేదు. పంపేశారేమో, తనే వెళ్ళిపోయారేమో అనుకున్నాను. సందు మలుపులో మోసేవాళ్ళు భుజం మార్చుకోవడానికి ఆగారు. పాడె ముందు కొస కిందకి గళ్ళ రుమాలు చుట్టుకున్న తల ఒకటి వచ్చింది. నాన్న మాస్టారిని కుడి భుజానికి ఎత్తుకుని, మ్యాన్‌హోల్ మూత మీద కాలు పడకుండా పక్కకి అడుగు వేసి, మలుపు తిరిగారు.