ఐదో వరస ద్రాక్ష

మొన్న శుక్రవారం, ఈ ఎడారి దేశంలో మాకు సెలవు రోజు, మబేలా మార్కెట్‌కు కూరగాయలకని వెళితే, కొట్టులో మనిషి ఒక నల్ల ద్రాక్ష చేతిలో పెట్టి, "తిని చూడు భాయ్, చక్కెరే! గింజ కూడా లేదు" అన్నాడు. గింజ లేకపోతే పండిందో లేదో ఎట్లా తెలుస్తుందని అడిగాను. నన్ను వింతగా చూశాడు. పాపం, ఆయనకు మా అక్క తెలియదు.

అక్కంటే తోడబుట్టినది కాదు. కొండ మీద మేం పనిచేసే తోటకు వంటమనిషిగా వచ్చిన కడప ఆవిడ. వంట అయ్యాక ఊరికే కూర్చోలేక తీగల మధ్యకు వచ్చేది. కత్తిరింపుల్లో మా నిజామాబాద్ వాళ్ళందరికంటే ఆమె చెయ్యి చురుకు. ఆ తోటలో ఒక పరాయి దేశపు కంపెనీ ఐదు కొత్త హైబ్రిడ్ ద్రాక్షలు, రకానికో వరస, నాటించింది. ఈ ఎండను తట్టుకుని మంచి ఎర్ర వైన్ ఇచ్చేదేదో తేల్చాలి. వైన్ చేసేది ఇక్కడ కాదు, పండ్లు చల్లటి పెట్టెల్లో విమానమెక్కి వాళ్ళ దేశం పోతాయి. గెలిచిన ఒక్క రకాన్నే ఉంచి, మిగతావి వేళ్ళతో సహా పీకేస్తామన్నారు. చచ్చిపోతాయనుకున్న ఐదో వరస మొక్కలకు బియ్యం కడిగిన నీళ్ళు పోసి మరీ బతికించుకుంది అక్క.

రుచి చూసి మార్కులు వేసే పని, కంపెనీ తరఫున తోట చూసే సార్ నాకిచ్చాడు. నేను చేసిన ఘనకార్యం వినండి. తియ్యగా ఉన్నవాటికల్లా పదికి పది వేశాను. మనకు ద్రాక్షంటే తినేదే కదా! పుల్లగా, వగరుగా, మందం తోలుతో ఉన్న ఐదో వరసకు మూడు. అక్క నెత్తి కొట్టుకుంది. "తీపొక్కటే చాలంటే పులుసెందుకు నాయనా, పానకం తాగు! పులుపుండల్ల, వగరుండల్ల. గింజ నమిలి చూడు, ఇంగా పచ్చిగా ఉండాది" అంది. నమిలాను. నోరంతా చేదైపోయింది.

మర్నాడు సార్ ఐదో వరసకు చక్కెర కొలిచే మీటరు పెట్టి, తీపి చాలినంత వచ్చింది, రేపే కోసేద్దామన్నాడు. పెట్టెలు కూడా వచ్చేశాయి. అక్క వరసకు అడ్డంగా నిలబడి, "సాబ్, ఆఠ్ దిన్" అంది. ఈ ఎండకు కాయలు వాడిపోతే ఈ రకం పోయినట్టే అని ఆయన హెచ్చరించాడు. "ఈ పొద్దు కోసినా పోతాది, పచ్చి గింజతో" అంది. నేను ఆ మాట హిందీలో చెప్పాను. సార్ ఒక గింజ నమిలాడు. మొహం చిట్లించి ఉమ్మేశాడు. పెట్టెలు వెనక్కి పంపించాడు.

ఆ ఎనిమిది రోజులూ అక్క తన చీరలన్నీ తీగల మీద నీడగా కప్పి, రెండు నైటీలతో గడిపింది. తొమ్మిదో రోజు గింజలు గోధుమరంగుకు తిరిగి, పంటి కింద పటపటలాడాయి. కొన్ని నెలలకు, ఐదో వరస వైనే గెలిచిందని వాళ్ళ దేశం నుంచి కబురొచ్చింది. నాలుగు వరసలు పీకించారు. ఐదోది నిలిచింది.

అక్క ఊరికి వెళ్ళిపోయి నాలుగేళ్ళు. కంపెనీ కాగితాల్లో ఆ రకానికి ఒక నంబరే ఉంది. కానీ ఆమెను ఎన్నడూ చూడని, కొత్తగా తోట పనికొచ్చిన బంగ్లాదేశ్ వాళ్ళు కూడా, "అక్కా లైన్‌కు నీళ్ళు పెట్టాం" అంటారు. విన్నప్పుడల్లా నాకు ఛాతీ ఉబ్బుతుంది. ఇక్కడ నేను చేసిన డ్యూటీ ఏళ్ళన్నీ ఎటు పోయాయో తెలియదు గానీ, ఆమె అడిగి తీసుకున్న ఆ ఎనిమిది రోజులు మాత్రం ఏటేటా కాస్తూనే ఉన్నాయి.