కొబ్బరి గోదాంలో ఆయ్

ఆ రోజుల్లో నాకు తెలిసింది పిసరంత, నలుగురికీ చెప్పాలన్న దురద మాత్రం బోలెడంత. హైదరాబాదులో కొత్త ఉద్యోగంలో ఉండగా ఓ సాయంత్రం పియానో, బాసు అనే నిలువెత్తు తీగెల వాయిద్యం, డ్రమ్ములతో ముగ్గురు వాయించిన జాజ్ కచేరీ విని మైమరచిపోయాను. ఇక ఊరుకుంటానా? ఐనవిల్లి దగ్గర మా కొబ్బరి గోదాంలో వాయించమని వాళ్ళని బతిమాలి ఒప్పించాను. (నన్నెవరూ అడగలేదు.) తాతయ్య పోయిన దగ్గర్నుంచీ ఆ గోదాం ఖాళీ. పెదనాన్నగారు దాన్ని రొయ్యల మేత నిలవకి అద్దెకిచ్చేద్దామనుకుంటున్నారు. నాకేమో ఏటా అక్కడ కచేరీ పెట్టాలని పిచ్చి. "సరే చూద్దాం. జనం మధ్యలో లేచెళ్ళిపోయేరంటే మాత్రం మేత బస్తాలు దింపించేస్తాను" అన్నారాయన.

కచేరీకి ముందు లేచి ఉపన్యాసం దంచాను. ముందు ఓ పాత పాట వాయిస్తారు, తర్వాత దాన్ని వదిలి ఒక్కొక్కరూ తోచిన దారిన పోతారు, చివరికి మళ్ళీ పాటలోకే వస్తారు అని. అందరూ తెల్లమొహాలు వేశారు. హరికథలో దాసుగారు పిట్టకథలోకి పోయి అసలు కథకి తిరిగిరావడం లాంటిదన్నాక తలలూపారు. అక్కడే కొంప మునిగింది. కథ అన్నాక మా వైపు ఉత్తినే కూర్చుని వినరు, ఆగిన చోటల్లా 'ఆయ్' అనాలి, లేకపోతే చెప్పేవాడికి మర్యాద కాదు. అందులో మా తాతయ్యని మించినవారు లేరు. సాగదీసి ఆయ్ అని, చివర్లో చిన్నగా దగ్గేవారు. ఆయన పడక్కుర్చీని పెదనాన్నగారు ముందు వరసలో, మా పక్కనే, ఖాళీగా వేయించారు.

రెండు పాటలు బాగానే నడిచాయి. మూడోది నిదానం పాట. డ్రమ్ము మీద కుంచెల్లాంటి పుల్లలతో రాస్తుంటే ఎవరో వాకిలి ఊడుస్తున్నట్టుంది. అటక మీద మిగిలిపోయిన ఎండు కురిడీకాయ ఒకటి దానంతటదే దొర్లింది. (ఎలుకేలే అని సర్దిచెప్పుకున్నాను.) సరిగ్గా అప్పుడే కరెంటు పోయింది. మైకులు లేవు కాబట్టి వాళ్ళు ఆపలేదు. పియానో, డ్రమ్ములు మాత్రం తప్పుకుని బాసుని ఒంటరిగా వదిలేశాయి. ఆ మనిషి చీకట్లో రెండు ముక్కలు వాయించి ఆగాడు. 'ఆయ్' అని వినిపించింది. వెంటనే చిన్న దగ్గు.

బాసు మళ్ళీ ఏదో చెప్పింది. మళ్ళీ ఆయ్, మళ్ళీ దగ్గు, తాతయ్య కుర్చీ వైపు నుంచే. పెదనాన్నగారు నా మోచెయ్యి గట్టిగా పట్టుకుని "నాన్నగారేరా" అన్నారు. గోదాం మొత్తమ్మీద ఒక్కరు కదిలితే ఒట్టు. (భయంతో బిగుసుకుపోయిన జనాన్ని మించిన శ్రోతలు ఏ కళాకారుడికీ దొరకరు.)

లైట్లొచ్చాయి. కుర్చీ ఖాళీగానే ఉంది. కొందరు చప్పట్లు కొడితే, కొందరు దణ్ణం పెట్టారు. అంత బాగా విన్న పెద్దాయన ఎవరని పియానో ఆయన వచ్చీరాని తెలుగులో అడిగాడు. నా వెనకే కూర్చున్న పిన్ని పకపకా నవ్వింది.

"పెద్దాయనేంటండీ, వీడే. చీకట్లో ఒకటే ఆయ్ ఆయ్."

నేను ఒప్పుకోలేదు. ఎవరో ఫోన్లో రికార్డు చేసినది వినిపించారు. గొంతు నాదే! నోరు నాదైనా నాకు తెలియనే లేదు. అందరూ పడీపడీ నవ్వారు. పెదనాన్నగారు మాత్రం ఇంకోసారి పెట్టించుకుని విన్నారు.

"ఆయ్ వీడిదే. మరి దగ్గో?"

పిన్ని నవ్వు ఆగిపోయింది. "వీడు దగ్గలేదు బావగారూ. నేను వెనకే ఉన్నానుగా" అంది.

మేత బస్తాలు రాలేదు. నాన్నగారు వింటున్న చోటు అద్దెకెలా ఇస్తామన్నారు పెదనాన్నగారు. ఏటా చలికాలంలో ఆ ముగ్గురూ వస్తూనే ఉన్నారు. నాకు జుట్టు పల్చబడింది, ఉపన్యాసాలు మానేశాను. బాసు ఒంటరిగా మిగిలినప్పుడు లైట్లు ఆర్పించి, కావాలనే ఆయ్ అని, చెవులు రిక్కించుకుని కూర్చుంటాను. కొన్నేళ్ళు ఏమీ వినిపించక భలే దిగులేసింది. నిరుడు వినిపించింది, అదే దగ్గు. ఉలిక్కిపడి కుర్చీ వైపు తిరిగాను. వెనక నుంచి పిన్ని నా భుజమ్మీద చెయ్యేసి నెమ్మదిగా చెప్పింది.

"ఈసారి దగ్గింది నువ్వేరా."