మా అధ్యక్షుడి ఆశయాలు

డెబ్బైల్లో మల్కాపురంలోని మా నాటక సమాజానికి ఆయన అధ్యక్షులు. పోర్టులో గుమస్తా. వేషం వేయరు, మాటలు రాయరు, తెర కూడా లాగరు. ఆశయాలు మాత్రం చెబుతారు. "క్రమశిక్షణ, సమానత్వం, సమాజసేవ" అంటూ చూపుడువేలు ఎత్తితే, అది దిగేసరికి మా రిహార్సల్ సమయం అయిపోయేది. అబద్ధమెందుకు, సమానత్వం అన్నప్పుడు ఆయన కళ్లు నిజంగానే చెమర్చేవి. ఆయన కుర్చీలో కూర్చుని చెప్పేవారు, మేం నిలబడి వినేవాళ్లం.

ఒకసారి పరిషత్తు పోటీల్లో మా విషాద నాటకానికి గంట సమయమిచ్చారు. ఆయన తెర ముందుకెళ్లి వేలెత్తారు. అరగంటైనా దించలేదు. శవం ముందు ఏడవాల్సిన మా కథానాయిక, కంచరపాలెం మనిషి, విసిగిపోయి తెర పక్కకు తప్పించి బయటికొచ్చింది.

"పెసిడెంటు బాబూ, తవరి ఆశయాలు అయిపోతే సెప్పండి. ఈలోగా సచ్చినోడు లేచి టీకెల్లిపోనాడు!"

శవం వేషం నాదే. టీగ్లాసుతో తెర పక్కనే నిలబడి ఉన్నాను. జనం పగలబడి నవ్వారు. మిగిలిన సమయంలో సగం నాటకమే వేయగలిగాం.

మాకు ఒక్క బహుమతే వచ్చింది, ఉత్తమ హాస్యానికి. ఆమె పేరు పిలిచారు. సంస్థలో వ్యక్తులు ముఖ్యం కాదంటూ ఆయనే వెళ్లి అందుకున్నారు.