వద్దంటే వెలిగించే తాతబ్బాయి గారు

తాతబ్బాయి గారికి ఉన్నది ఒకటే జబ్బు. ఎవరైనా వద్దన్నారంటే ఆ పని చేసి తీరాలి. చేయమంటే మాత్రం తల తీసి మొల వేసినా చేయరు. రాజోలులో ఆయన పక్కింటికి కాపురానికొచ్చిన లక్ష్మీదుర్గకు ఈ సంగతి మొదటి వారంలోనే తెలిసింది. "ముగ్గు తడిగా ఉందండి, తొక్కకండి బాబాయిగారూ" అని పాపం మర్యాదగానే చెప్పింది. ఎటో వెళుతున్న పెద్దమనిషి పనిగట్టుకుని వెనక్కి తిరిగి, చెప్పులు విడిచి మరీ ముగ్గు మధ్యలోంచి నడిచి వెళ్ళారు.

అప్పట్లో గోదావరి దాటాలంటే పడవే గతి. రేవులో "పడవలో నిలబడరాదు" అని బోర్డు పెట్టారు. ఇంకేముంది, ఈయన ఒడ్డు నుంచి ఒడ్డు దాకా గొడుగు వేసుకుని నిలబడే ప్రయాణం. జనం లబోదిబోమనేవారు. ఓసారి పడవ కిక్కిరిసిపోతే పడవ నడిపే పోలయ్య, "బాబుగారండీ, ఇయ్యాల చోటు లేదండి, మీరు నిలబడే రండి" అన్నాడు. అంతే, తాతబ్బాయి గారు ఎవరిదో వంకాయల బుట్ట మీద చతికిలబడ్డారు. ఆవలి ఒడ్డు చేరేసరికి బుట్టలో కూర సగం తయారైంది.

మద్యనిషేధం పెట్టినప్పుడు ఇంకా రంజుగా ఉండేది. జన్మలో చుక్క ముట్టని మనిషి, నిషేధం వచ్చిన మర్నాటి నుంచి నడిబజారులో తూలుతూ నడవడం మొదలెట్టారు. కానిస్టేబులు దగ్గరికెళ్ళి వాసన చూశాడు.

"మజ్జిగ వాసనొస్తోందండి."

"కాదు, తాగేనయ్యా! తాగేనని కేసు రాసుకో!"

"ఎలా రాయమంటారండి? ఇంటికెళ్ళి పడుకోండి, ఆయ్."

నిషేధం ఎత్తేశాక తాతబ్బాయి గారు మళ్ళీ నిటారుగా నడిచారు.

ఇలా ఉండగా రెండువేల ఎనిమిదిలో, గాంధీ జయంతి నాటి నుంచి నలుగురు తిరిగే చోట పొగ తాగకూడదని ప్రభుత్వం ఆంక్ష పెట్టింది. వయసులో ఉండగా లంక పొగాకు చుట్టలు కాల్చి, విసుగెత్తి ఏనాడో మానేసిన మనిషి తాతబ్బాయి గారు. టీవీలో ఆ వార్త విన్న సాయంత్రమే చుట్టల కట్ట కొనుక్కుని బస్టాండుకు బయల్దేరారు. "పొగ త్రాగరాదు" అన్న బోర్డు కిందే బల్ల మీద కూర్చుని చుట్ట ముట్టించారు. అక్కడి ఉద్యోగి రామ్మూర్తి చేతులు నలుపుకుంటూ వచ్చాడు.

"జరిమానా రాయాలండి బాబాయిగారూ. ఏం అనుకోకండి."

"రాయండి. ఇంటిపేరు మాత్రం తప్పుల్లేకుండా రాయండి."

రామ్మూర్తి రాసిచ్చాడు. తాతబ్బాయి గారు ఆ కాగితాన్ని అగ్గిపుల్లతో అంటించి, దాంతో ఇంకో చుట్ట వెలిగించుకున్నారు.

పెద్దల సంగతి సరే, పిల్లల్లో ఈ ఆంక్ష ఏం తెచ్చిపెట్టిందో చట్టం రాసినవాళ్ళు ఊహించి ఉండరు. అంతవరకూ సిగరెట్టంటే కిళ్ళీకొట్టు ముందు నిలబడే పనిలేనివాళ్ళ వ్యవహారం. ఇప్పుడది సాహసమైపోయింది. ఇంటర్ చదివే కుర్రాళ్ళంతా కొబ్బరికాయలు ఒలిచి పోసిన డొక్కల గుట్ట వెనక చేరి, ఒకే సిగరెట్టును వంతులవారీగా పీల్చి వీరుల్లా బయటికొచ్చేవారు.

వాళ్ళలో లక్ష్మీదుర్గ కొడుకు నాగేంద్రబాబు ఒకడు. చొక్కా వాసన పసిగట్టిన రోజున ఆవిడకు మామగారు గుర్తొచ్చారు. ఆయన చుట్టలు కాల్చీ కాల్చీ ఊపిరందక, నీళ్ళలోంచి తీసిన చేపలా కొట్టుకుని పోయారు. మస్కట్‌లో పనిచేసే మొగుడు అంజిబాబు ఫోను చేసినప్పుడల్లా అడిగేది ఒకటే. "చదువు ఎలా అఘోరించినా పర్లేదు. ఆ పొగ జోలికి మాత్రం వాణ్ణి పోనీకు." ఆవిడ తిట్టింది, ఒట్టు వేయించుకుంది, ఏడ్చింది. వద్దన్నకొద్దీ వాడు డొక్కల గుట్ట వెనక ఇంకాస్త ఎక్కువసేపు ఉండసాగాడు.

ఒక సాయంత్రం ఎదురింటి సత్యదుర్గ పరుగున వచ్చింది. "ఒదినా, నీ కొడుకు తాతబ్బాయిగారి అరుగు మీద కూచుని చుట్ట కాలుస్తున్నాడే!"

లక్ష్మీదుర్గ చేతిలో గరిటెతోనే వెళ్ళింది. అరుగు మీద, వీధివైపు తిప్పిన పడక్కుర్చీలో నాగేంద్రబాబు. వాడి చేతిలో బొటనవేలంత లావు చుట్ట, ఎదురుగా కూచున్న తాతబ్బాయి గారి నోట్లో ఇంకోటి. వాడి కళ్ళు ధారగా కారుతున్నాయి.

"ఇదేం పనండీ బాబాయిగారూ? పసివాడి చేత చుట్ట కాల్పిస్తారా?"

"గవర్నమెంటు వద్దంది. అందుకే కాల్పిస్తున్నాను. ఇది నా అరుగు, ఇక్కడ వాళ్ళ చట్టాలు చెల్లవు. డొక్కల వెనక దొంగలా దాక్కుంటుంటే నేనే పిలుచుకొచ్చేను. మీరు కానివ్వండి, నాగేంద్రబాబు గారూ!"

ఆవిడ గరిటె ఎత్తబోయేంతలో లెక్కల మాస్టారు నారాయణమూర్తి సైకిలు మీద వచ్చారు.

"మాస్టారండీ, ఒక్కసారి ఆగండి! మా నాగేంద్రబాబు గారి చుట్ట ఆరిపోయింది. అగ్గిపెట్టుందాండి?"

మన వైపు మనవల్ని ఎత్తుకున్న మగవాడు సైతం అన్నగారు కనబడితే సిగరెట్టు పారేస్తాడు. పెద్దల ముందు కాల్చడమంటే బట్టల్లేకుండా నిలబడ్డట్టే. కుర్రాడు దిగ్గున లేచి చుట్టను వీపు వెనక దాచాడు.

"లేవకండి, మాస్టారు ఏం అనుకోరు. అదిగో, పాస్టరు ఎబినేజర్ గారు కూడా వస్తున్నారు. పాస్టరుగారండీ, ఇలా రండి, మావాడు కాలుస్తున్నాడు, చూద్దురుగాని!"

"తాతగారండీ, నేనెళ్ళిపోతానండి" అన్నాడు నాగేంద్రబాబు ఏడుపు గొంతుతో.

"రేపు కూడా రావాలి. మీ జట్టు మొత్తాన్ని తీసుకురండి. గవర్నమెంటుకి బుద్ధి చెప్దాం!"

వాడు పారిపోయి, పెరట్లో తిన్నదంతా కక్కుకున్నాడు. "అమ్మా, ఆయనొస్తే నేను ఊళ్ళో లేనని చెప్పు. జన్మలో ముట్టుకోను" అన్నాడు. వారం తిరిగేసరికి డొక్కల గుట్ట వెనక మేకలు తప్ప ఎవరూ లేరు.

లక్ష్మీదుర్గ గిన్నెడు పులిహోర పట్టుకుని క్షమాపణ చెప్పుకోవడానికి వెళ్ళింది. తాతబ్బాయి గారు స్తంభం పట్టుకుని వంగిపోయి దగ్గుతున్నారు.

"మీకు పడటం లేదు కదండీ. మరెందుకండీ ఆ రోజు వాడి ఎదురుగా కూచుని మీరూ కాల్చేరు?"

"వద్దంటే ఆగలేనివాడి కష్టం నాకు తెలీదా అమ్మాయ్? అందరూ వద్దన్నారు కాబట్టే వాడు కాల్చేడు. నేనొక్కణ్ణే కానివ్వమన్నాను, వాడికి రుచి పోయింది. వాడొక్కడి చేతే కాల్పిస్తే శిక్ష వేసినట్టుంటుందని నేనూ వెలిగించేను." ఊపిరి కూడదీసుకుని, "అలాగని గవర్నమెంటుకి లొంగేననుకోకు. బస్టాండుకి టైమైంది" అంటూ కట్టలోంచి ఇంకో చుట్ట లాగారు.

లక్ష్మీదుర్గ గిన్నె అరుగు మీద పెట్టింది. మానేయండి అన్న మాట నాలుక చివరిదాకా వచ్చింది. ఇన్నేళ్ళు పక్కింట్లో ఉన్న మనిషి కాబట్టి దాన్ని మింగేసి, నడుం మీద చెయ్యి పెట్టుకుంది.

"బాబాయిగారండీ, మీరు చుట్ట మానడానికి వీల్లేదు. రేపట్నుంచి పొద్దున్నా సాయంత్రం నా కళ్ళముందు కాల్చి తీరాలి. నేనే వచ్చి వెలిగిస్తాను, ఆయ్!"

తాతబ్బాయి గారి మొహం కందగడ్డలా అయింది. "నాకు చెప్పడానికి నువ్వెవరు? గవర్నమెంటువా? కాల్చను! ఏం చేస్తావో చేసుకో!" అని చుట్టల కట్ట తీసి గోడ మీదుగా వాళ్ళ పెరట్లోకి విసిరేశారు.

ఆవిడ నవ్వు బిగబట్టుకుని ఇంటికొచ్చి, ఆ కట్టను నీళ్ళ పొయ్యిలో పడేసింది. పెరడంతా ఘాటు కమ్మేసింది. గోడవతల నుంచి తాతబ్బాయి గారి గొంతు ఖంగుమంది.

"ఎవరమ్మా అక్కడ? నలుగురూ ఉండేచోట ఆ పొగేంటి? చట్టం ఉందని తెలీదా?"