నాలుగు లేని లెక్క

"మీ మాస్టర్ పోయిండు బిడ్డా. పొద్దున చాయ్ తాగుకుంటనే ఒరిగిండు," అని ఆయన భార్య ఫోన్‌లో చెప్పినప్పుడు నాకు ముందు ఏడుపు రాలేదు. ఎన్నో డాన్‌లో పోయాడో అనుకున్నాను. పాపిష్టి ఆలోచనే. కానీ ఇక్కడ కూడా అబద్ధం రాస్తే ఆయనకూ నాకూ తేడా ఉండదు.

కరాటేలో బ్లాక్ బెల్టు తర్వాత వచ్చే మెట్లను డాన్ అంటారు. ఒక్కో మెట్టుకు ఏళ్ళు పడుతుంది. పైవాళ్ళు పరీక్ష పెట్టి ఇస్తారు. మా మాస్టర్‌కు పైవాళ్ళెవరూ లేరు. ప్రతి జనవరి ఒకటిన సిద్దిపేట పాత బస్టాండు దగ్గర ఆయన ఫ్లెక్సీ లేచేది. చేతులు కట్టుకొని ఆయన, వెనక ఫొటో స్టూడియో వాళ్ళ మంచుకొండ. క్యాలెండర్ మారితే డాన్ మారేది. నేను చేరినప్పుడు అయిదు, నాకు బ్లాక్ బెల్టు ఇచ్చేనాటికి తొమ్మిది. ఊళ్ళో ఏ ఆఫీసులోనూ అంత నిక్కచ్చిగా ప్రమోషన్లు రాలేదు. మీరు సిద్దిపేటవాళ్ళైతే చూసి నవ్వుకునే ఉంటారు. నేను మాత్రం దండం పెట్టుకునేదాన్ని.

స్టైల్ కూడా ఆయన కనిపెట్టిందే. పేరు సిద్ధి-ర్యూ. "ర్యూ అంటె జపాన్ల పద్ధతి. సిద్ధి మనది, సిద్దిపేటల పుట్టింది గాబట్టి," అని చెప్పేవారు. బొంబాయిలో ఒక జపాన్ గురువు దగ్గర ఏడేళ్ళు నేర్చుకున్నారట. ఆ గురువు పేరేమిటని అడిగితే కళ్ళు మూసుకొని నడుము దాకా వంగి నమస్కారం చేసేవారు. పేరు మాత్రం చెప్పేవారు కాదు.

మా బాపు మగ్గం నేసేవాడు. నన్ను క్లాసుకు పంపనని మొండికేస్తే మాస్టర్ ఇంటికే వచ్చి, మగ్గం గుంత పక్కన నేల మీద కూర్చున్నారు. "ఆడివిల్లకు వంట మీరు నేర్పుండ్రి, తన్నుడు నేను నేర్పుత. రెండూ అక్కరకొస్తయ్," అన్నారు. బాపు నవ్వాడు. మా బాపు నవ్వితే ఒప్పుకున్నట్టే.

పొద్దున్నే మాకంటే ముందే స్కూల్ గ్రౌండుకు వచ్చి, మేం పడటం నేర్చుకునే చోట వంగి వంగి రాళ్ళు ఏరేవారు. "ముందుగాల పడుడు నేర్చుకోండ్రి. తన్నుడు ఎవడన్న నేర్పుతడు," అనేవారు. ఒకసారి బస్సులో ఒకడు నా మీద చెయ్యేస్తే, ఆయన నేర్పినట్టే వాడి వేలు వెనక్కి విరిచాను. అది సిద్ధి-ర్యూనా కాదా అని వాడు అడగలేదు. ఆ ధైర్యం ఆయన పెట్టిన భిక్షే, కాదనను.

క్లాసులో అంకెలన్నీ జపాన్ భాషలో అరవాలి. "ఇచ్చి, నీ, సాన్, గో!" అని అరవై గొంతులు ఒక్కసారి లేచేవి. మూడు తర్వాత నేరుగా అయిదు. నాలుగు లేదు. లేదన్న సంగతి మాలో ఒక్కరికీ తెలియదు.

ఇరవయ్యేళ్ళప్పుడు హైదరాబాద్‌లో పోటీలకు వెళ్ళాను. గెలిస్తే ఒక స్కూల్లో కోచ్ ఉద్యోగం ఇస్తామన్నారు. అప్పటికే బాపుకు చేతులు వణుకుతున్నాయి, మగ్గం ఎక్కలేకపోతున్నాడు. ఇంటికి ఆ ఉద్యోగమే దిక్కు. వరసగా అడుగులు వేసి చూపించే కటా మొదలుపెట్టానో లేదో, జడ్జి చెయ్యెత్తి ఆపాడు.

"మూడో అడుగు నుంచి ఏడో అడుగుకు దూకావేంటమ్మా? మధ్యలోవి ఏవి?"

"మా స్టైల్ల లేవు సార్."

ఏ స్టైలని అడిగాడు, చెప్పాను. అంకెలు చదవమన్నాడు, చదివాను. హాలంతా నవ్వింది. పసుపు బెల్టు కట్టుకున్న ఎనిమిదేళ్ళ పిల్ల నా దగ్గరికొచ్చి, "అక్కా, సాన్ తర్వాత షి మర్చిపోయారు," అని జాలిగా చెప్పింది. జడ్జి నన్ను నా నల్ల బెల్టు విప్పేసి పక్కన కూర్చోమన్నాడు. అందరి ముందూ విప్పాను.

బస్సు దిగి నేరుగా మాస్టర్ ఇంటికి పోయాను. ఆయన లేరు. నా ముఖం చూసి ఆయన భార్య భయపడి, లోపలి నుంచి ఒక పాత పుస్తకం తెచ్చింది. "మీ మాస్టర్ను తప్పు పట్టకు బిడ్డా. బొంబాయి పక్కన భివండిల సాంచెల మీద పని చేస్తుండంగ ఫుట్‌పాత్ మీద కొన్నడు గిది. నడుమ ఎలుకలు గొరికినయ్. కొరికినకాడ ఏముండెనో ఏండ్లకేండ్లు ఆలోచించి, దొరకనికాడ ఈ కొస ఆ కొస ఆయనే జోడించిండు," అంది. ఆమె గొంతులో గర్వం ఉంది. జపాన్ గురువు లేడు, మరమగ్గాల మోత మధ్య ఈ పుస్తకమొక్కటే ఉంది. ఎలుకలు ఎంత మేర కొరికితే అంత మేర కొత్త స్టైల్. ఆమెకు చెప్పకుండానే పుస్తకం నా సంచిలో వేసుకున్నాను.

ఆ ఆదివారమే బెల్టుల ఫంక్షన్. తల్లిదండ్రులతో హాలు నిండింది. రాబోయే జనవరికి తన పదో డాన్‌ను మాస్టర్ ఆ రోజే ప్రకటించుకోబోతున్నారు. ఆయన మైకు పట్టుకోగానే నేను పుస్తకం పైకెత్తి లేచాను.

"మాస్టర్, మూడు తర్వాత ఎంత?"

"గో," అన్నారు అలవాటుగా.

"మరి నాలుగేది?"

ఆయన నన్ను చూడలేదు, పుస్తకాన్ని చూశారు. "గా పేజీ నాకు దొరకలే బిడ్డా," అన్నారు మెల్లగా.

"వినబడలే మాస్టర్. మైకుల చెప్పుండ్రి."

మైకులో చెప్పారు. నేను చెప్పమన్నానని చెప్పారు, అంతే. వెనక నుంచి ఎవరో, "గా పదో డాను ఎలుకలకియ్యి మాస్టర్!" అని అరిస్తే హాలు విరగబడి నవ్వింది. నేనూ నవ్వాను. నా నల్ల బెల్టు ఆయన కాళ్ళ మీదికి విసిరాను. ఆయన వంగి తీసుకొని, దుమ్ము దులిపి మడత పెట్టారు.

నెల తిరగకుండా పిల్లలంతా మానేశారు. మాస్టర్ ఒక చీరల కొట్లో చేరారు. కస్టమర్లు విప్పి చూసి వదిలేసిన చీరలు మడత పెట్టడం ఆయన పని. ఆ జనవరి ఒకటిన ఫ్లెక్సీ లేవలేదు. నేను హైదరాబాద్‌లో చిన్నపిల్లల వరసలో తెల్ల బెల్టుతో మళ్ళీ మొదలుపెట్టాను. కొన్నేళ్ళకు సరైన బ్లాక్ బెల్టుతో తిరిగొచ్చి, అదే గ్రౌండులో క్లాసు తెరిచి, 'ఒరిజినల్ కరాటే' అని బోర్డు పెట్టాను. ఒరిజినల్ అన్న మాట ఎవరిని పొడవడానికో ఊరందరికీ తెలుసు.

చావింట్లో ఆయన భార్య నా చేతులు పట్టుకొని, "నీ పేరు చెప్పి మురిసెటోడు బిడ్డా. గా పిల్లకు నాలుగు గూడ ఒచ్చు అనెటోడు," అని ఏడ్చింది. పోయిన వానాకాలం జరిగింది ఆయన ఇంట్లో చెప్పలేదని అప్పుడు అర్థమైంది. నేనూ ఎవరికీ చెప్పలేదు.

ఆ వానాకాలం ఒక పొద్దున మాస్టర్ నా క్లాసుకు వచ్చారు. ఇస్త్రీ చేసిన తెల్ల డ్రెస్సు, నడుము బోసిగా ఉంది. రెండు అరచేతుల మీద కొత్త తెల్ల బెల్టు. నా ముందు వంగి, "బెల్టులన్నీ నాకు నేనే కట్టుకున్న బిడ్డా. గిదొక్కటి నువ్వు గట్టు. మొదటి సంది నేర్చుకుంట," అన్నారు.

పొమ్మన్నా బాగుండేది. "క్లాసు మొదలైంది, పక్కకు నిలబడుండ్రి," అన్నాను. బెల్టు కోసం చాచిన చేతులు గురువు కట్టేదాకా దించకూడదని మాకు నేర్పింది ఆయనే. గంటసేపు చాచి నిలబడ్డారు. భుజాల దాకా వణుకు కనిపిస్తూనే ఉంది. నేను ఆయనకు వినబడాలని ప్రతి అంకెనూ గొంతు చించుకొని అరిచాను. క్లాసు అయ్యాక, "రేపు చూద్దాం మాస్టర్," అని స్కూటీ ఎక్కాను. మర్నాడు మళ్ళీ వచ్చారు. అలా వారం రోజులు వచ్చారు, వారం రోజులూ రేపన్నాను. నాకు అది తియ్యగా ఉండేది. ఇప్పుడు తలుచుకుంటే నా మీద నాకే అసహ్యం వేస్తుంది.

చివరి రోజు క్లాసు మధ్యలో వాన దంచింది. పిల్లలూ నేనూ స్కూలు వరండాలోకి పరుగెత్తాం. ఆయనను రమ్మని ఎవరూ అనలేదు, ఆయన రాలేదు. అరచేతుల మీద బెల్టు తడిసి, బరువెక్కి, రెండు పక్కలా వేలాడుతోంది. మా బ్యాచ్‌లో అందరికంటే చిన్నపిల్ల నా చొక్కా కొస లాగి, "టీచర్, గా తాత ఎవరు?" అని అడిగింది.

"ఎవరో," అన్నాను.

వాన చప్పుడులో ఆయనకు వినబడిందో లేదో తెలియదు. చేతులు మాత్రం దించలేదు.