నా కాలికి నేనే వేసుకున్న అంచు

నవ్వేది ఉంటే ఇప్పుడే నవ్వేసుకోండప్పా, సగంలో నవ్వితే నేను చెప్పను. మొన్న ఆదోనిలో ఆపరేషన్ బల్ల మీద పండుకోని డాక్టరమ్మకు నేను చెప్పుకున్న సంగతి ఇంతవరకు ఏ పేషెంటూ చెప్పింటాడని అనుకోను.

నా ఎడమ కాలు సంగతి మీకు తెలుసు కదా. మోకాలి కింద నుంచి మడమ దాకా నరాలు ఉబ్బి, మెలికలు తిరిగి, వానపాముల మాదిరి ఉండె. గుంతమగ్గంలో కాళ్ళు దించుకోని పొద్దస్తమానం కూర్చునేటోళ్ళం, మాకిది మామూలే అనుకున్నా. మా నాయనకూ అట్లే ఉండె. ఆయనకు చీలమండ పక్కన పుండు పడి, ఎంతకీ మానక, ఆఖరికి మగ్గం దిగేసినాడు. నాకూ ఈ మధ్య సరిగ్గా ఆడనే చర్మం నల్లబడి దురద మొదలయింది. అప్పుడు భయమేసింది. కాలు తొక్కకుంటే మగ్గం ఆడదు. మగ్గం తప్ప నాకు ఇంకో పని రాదు.

మా ఇంటామె సరోజ బలవంతంగా ఆదోనికి తీసుకపోయింది. డాక్టరమ్మ స్కాన్ పెట్టి చూసి, "నరం లోపల తలుపుల్లాంటివి ఉంటాయి. అవి పాడైనాయి. పైకి పోవాల్సిన రక్తం మళ్ళీ కిందికే దిగుతోంది" అనింది.

"కోసి పీకేస్తారా మేడం?" అన్నా.

"అది పాత పద్ధతి అన్నా. ఇప్పుడు సూది పట్టేంత రంధ్రం చేసి, సన్నటి లేజర్ తీగ పంపి, ఆ నరాన్ని లోపలే మూసేస్తాం. కొందరికి జిగురుతో మూస్తాం, చిన్న నరాలకైతే నురగ మందు ఇంజెక్షన్ చాలు. మీకు లేజర్ సరిపోతుంది. అదే రోజు నడిచి ఇంటికి పోవచ్చు."

మూసేస్తే రక్తం యాడికి పోతుందని అడిగినా. మంచి నరాలు ఇంకా ఉన్నాయి, వాటిలో పోతుంది అనింది. నన్ను నిలబెట్టి, నరం వెంబడే మార్కర్ పెన్నుతో కాలి మీద గీతలు గీసి, "రేపు పొద్దున రండి, ఇవి చెరపొద్దు" అని పంపించింది.

తెల్లారి సరోజ వేడినీళ్ళు పెట్టింది. "ఆపరేషన్ అయినంక ఎన్ని దినాలు నీళ్ళు తగలకూడదో ఏమో, తలకు పోసుకోని పో" అనింది. నాకూ న్యాయంగానే తోచింది. డాక్టరమ్మ ముందర మురికి కాలు పెట్టేదెట్లా అని సీకాయ పొడి వేసి, పీచుతో బాగా రుద్దినా. తువ్వాలుతో తుడుచుకుంటా చూస్తే కాలు తళతళా ఉంది. గీతలు మాత్రం లేవు.

"వాయిదా వేస్తారేమో" అనింది సరోజ. వాయిదా అంటే నేను మళ్ళీ ధైర్యం కూడగట్టుకోవాల. ఇంత ధైర్యం ఇంకొకసారి వస్తుందని నాకు నమ్మకం లేదు. అప్పుడు తోచింది. ఎవురి చీర మీదనో ఒక్కసారి చూసిన డిజైను మనసులో పెట్టుకోని మగ్గం మీద దించేటోణ్ణి, ఈ నాలుగు గీతలు గీసుకోలేనా? డిజైన్లు గీసే పెన్ను ఇంట్లోనే ఉండె.

లోపలి వైపు నేను గీసుకున్నా, వెనక పిక్క మీద సరోజ గీసింది. డాక్టరమ్మ గీత వంకరటింకరగా ఉండె కదా, "తొందరలో గీసినట్టుంది పాపం" అని కొంచెం సాపు చేసింది. అయినంక కాలు తిప్పి చూసుకుంటే ఏదో వెలితి. లోపలి వైపు గీత ఉంది, బయటి వైపు బోసిగా ఉంది. ఒక పక్కనే అంచున్న చీర ఎట్లుంటుంది చెప్పండి? నా కన్ను ఒప్పుకోలేదు. బయటి వైపు కూడా అచ్చం అట్లాంటిదే ఇంకొకటి వేసినా. "ఇప్పుడు ముచ్చటగా ఉంది" అనింది సరోజ. ఇద్దరమూ సంతోషంగా బస్సెక్కినాం.

బల్ల మీద పండుకున్నంక అనుమానం పట్టుకుంది. లేజర్ ఈ గీతల మీదనే కదా పోయేది? బయటి వైపు ఉండేది మంచి నరం. నేను ముచ్చటకు గీసిన దావన పోయి దాన్ని మూసేస్తే నా గతేంది? నర్సు సూదులు సర్దుతాంది. చెప్తే తిడతారు, చెప్పకుంటే కాలు పోతుంది. మా నాయన గుర్తొచ్చినాడు. ఆయన కూడా సిగ్గుపడే ఆ పుండు ఎవురికీ చూపించలేదు, పంచె కిందికి దించుకోని తిరిగినాడు. నోరు తెరిచినా.

"మేడం, ఈ గీతలు మీవి కావు."

"మరి ఎవరివి?"

"సగం నావి, సగం మా ఇంటామెవి."

డాక్టరమ్మ కాలు తిప్పి చూసింది. "అదే అనుకుంటున్నా, ఈ పక్క నరం నిన్న లేదే అని." అంచు సంగతి చెప్పక తప్పలేదు. నర్సు నవ్వు ఆపుకోలేక గోడ దిక్కు తిరిగింది. డాక్టరమ్మ మాత్రం నవ్వలేదు. "మేం గీత చూసి లేజర్ పెట్టం అన్నా, స్కాన్ చూసుకుంటూ పెడతాం. గీత చెరిగితే మళ్ళీ గీస్తాం, అంతే. ఆ ఒక్క మాట చెప్పడానికి ఇంత భయమెందుకు?" అనింది.

స్పిరిట్‌తో అంతా తుడిచి, నన్ను నిలబెట్టి, మళ్ళీ వంకరటింకరగానే గీసింది. మత్తు సూదులు చురుక్కుమన్నాయి, ఆ తర్వాత పెద్దగా ఏమీ తెలీలేదు. కాలికి బిగుతు మేజోడు తొడిగి, "లేచి నడవండి. మగ్గం మీద కూర్చున్నా మధ్య మధ్య దిగి నడవాల" అనింది. మగ్గం మాట ఆమె నోట వింటానే నా కళ్ళల్లో నీళ్ళు తిరిగినాయి. బయట ఉన్న సరోజకు కనబడకముందే తుడుచుకున్నా.

తిరిగి ఇంటికొచ్చే ఎమ్మిగనూరు బస్సు కిక్కిరిసి ఉండె. సరోజకు ముందర సీటు దొరికింది. నేను కుంటుకుంటా వచ్చేది చూసి ఒక పెద్దాయన లేసి నాకు సీటిచ్చినాడు. కూర్చున్నంక చూస్తే, పైకి కట్టిన పంచె కింద ఆయన పిక్కల మీద నావాటికంటే లావు నరాలు. నాకు తల కొట్టేసినట్టయింది. పక్కకు జరిగి ఆయన్నీ కూర్చోబెట్టుకున్నా. దావ పొడుగునా లేజర్ సంగతే చెప్పినా. కోత లేదు, కుట్లు లేవు, నొప్పి లేదు, దాచుకోవద్దు, ఒకసారి చూపించుకో అని.

ఆయన అంతా నిదానంగా విన్నాడు. "నొప్పి లేదంటావు. మరి నువ్వు ఎందుకప్పా అట్ల కుంటుతాండావు?" అన్నాడు.

ఆ మాట వింటానే ముందర సీట్లో నుంచి సరోజ వెనక్కి తిరిగింది.

"చేసింది ఎడమ కాలికి పెద్దాయనా. ఈ మనిషి ఆస్పత్రి కాడ్నుంచి కుంటుతాండేది కుడి కాలు."