తోటకాడి ఇంట్లో టీవీ రిపేరు

ఉప్పునుంతల బస్టాండు పక్క సందులో టీవీలు బాగుచేసే సరోజకు ఆ పని మొగుడు శేఖర్ దగ్గర అబ్బింది. ఆరేళ్ల కిందట శేఖర్‌కు పక్షవాతం వచ్చి కుడిచెయ్యి పడిపోయింది. అతను కుర్చీలో కూర్చుని నోటితో చెప్తే, ఆమె చేత్తో చేసేది. ఏడాది తిరిగేసరికి అతను నోరు తెరిచేలోపే ఆమె స్క్రూలు విప్పేసేది.

ఆడమనిషని జనం ఇంటి లోపలిదాకా రానిచ్చేవాళ్లు. అట్లా ఆమెకు ఒక సంగతి తెలిసొచ్చింది. కొన్ని ఇళ్లల్లో టీవీ చెడిపోతే దెబ్బలు తినేది పెళ్లాం. అలాంటిచోట సరోజ "పాతదైందన్నా, గిది గిట్లనే పోతది" అని అబద్ధం చెప్పి బయటపడేది. ఆ అబద్ధం ఒకరి వీపు కాపాడుతుందని ఆమె నమ్మకం.

పోయిన ఎండాకాలం ఒక ఆదివారం మధ్యాహ్నం వెంకట్రాములు ఫోన్ చేశాడు. ఊరికి దూరంగా తోటలోనే ఇల్లు కట్టుకున్న రైతు. సాయంత్రం మ్యాచ్ ఉంది, టీవీ రావడం లేదు, వెంటనే రమ్మన్నాడు. సరోజ సంచీ సర్దుకుని నాగప్ప ఆటోలో వెళ్లింది. "జర ఆగన్నా, గంటల వస్త" అని ఆటోను వేపచెట్టు కింద ఆపించింది.

తలుపు తీసింది వెంకట్రాములు భార్య జయశ్రీ. ఎడమ చెంప ఉబ్బి కన్ను సగం మూసుకుపోయింది. కింది పెదవి చీలి నెత్తురు గడ్డకట్టింది. సరోజ చూసింది. జయశ్రీ కొంగు పైకి లాక్కుంది.

"ఎప్పటిసంది వస్తలేదన్నా?"

"నిన్న మాపటిసంది. దీన్నడుగు. ఏం నొక్కిందో ఏమో, అడిగితె తెల్వదంటది" అన్నాడు వెంకట్రాములు మంచం మీంచి లేవకుండానే.

రిమోట్ సంగతి పక్కనపెట్టి సరోజ టీవీ వెనక బటన్ నొక్కింది. ముందుండే ఎర్రలైటు కూడా వెలగలేదు. ప్లగ్గు పీకి అదే సాకెట్లో తన ఫోన్ ఛార్జర్ పెడితే ఛార్జి ఎక్కింది. కరెంటు ఉంది, టీవీలోకి పోవడం లేదు. సీసం కరిగించి అతికే సోల్డరింగ్ కడ్డీని పక్క సాకెట్లో వేడికి పెట్టి, టీవీని బల్లమీద బోర్లా పడుకోబెట్టి వెనక మూత విప్పింది.

లోపల మాడు వాసన. ఫ్యూజు నల్లబడిపోయింది. దాని పక్కనుండే చిన్న నీలి బిళ్ల పగిలి రెండు ముక్కలైంది. కరెంటు ఒక్కసారిగా మితిమీరి వస్తే తప్ప ఆ బిళ్ల అట్లా పగలదు. సరోజ తలెత్తి కిటికీలోంచి చూసింది. స్తంభం మీది తీగెకు కొక్కెం తగిలించి మోటారు కోసం లాక్కున్న వైరు, ఇంటి తీగెలమీద వేలాడుతూ కనిపించింది.

"నిన్న ఇంట్ల బల్బులు గిట పోయినయా చెల్లె?"

"రెండు పేలినయక్కా" అంది జయశ్రీ.

నోటిదాకా వచ్చిన పాత అబద్ధాన్ని, జయశ్రీ పెదవిని చూశాక సరోజ మింగేసింది. "అన్నా, ఆమె ఏం చెయ్యలె. నువ్వు కొక్కెమేసిన వైరు తగిలి ఇంట్లకు డబుల్ కరెంటొచ్చింది. దాంతోనే పోయింది" అంది.

 వెంకట్రాములు మంచం దిగి, సరోజ వంక చూడనైనా చూడకుండా, పెళ్లాం జుట్టు పట్టుకుని తలను గోడకేసి కొట్టాడు. "దానికి ముందే చెప్పిపెట్టినవా? నా ఇంట్ల నాకే తప్పు చూపిస్తదా?" రెండోసారి కొట్టాడు. జయశ్రీ కుడిచెవిలోంచి నెత్తురు కారింది. కింద పడితే కడుపులో తన్నాడు.

"ఇడిశిపెట్టు! సస్తది!" సరోజ అతని చొక్కా పట్టి లాగింది. అతను తిరిగి, గోడవారనున్న మోటారు పానా అందుకుని ఆమె కుడి మణికట్టుమీద వేశాడు. ఎముక విరిగిన చప్పుడు ఆమెకే వినిపించింది. పానా మళ్లీ లేచింది. ఈసారి ఆమె తలకు గురిగా.

సరోజ ఎడంచేత్తో వేడి కడ్డీని లాగి అతని మోచేతి కింద ఆనించింది. చర్మం చురచుర కాలింది. అరిచి పానా వదిలేశాడు, కానీ ఆగలేదు. రెండు చేతులతో ఆమె గొంతు పట్టుకుని బల్లకేసి నొక్కాడు. ఆమె కళ్లముందు గది నల్లబడుతూ వచ్చింది.

అప్పుడు జయశ్రీ లేచింది. గోడ పట్టుకుని నిలబడి, మూత ఊడిన టీవీని రెండు చేతులా ఎత్తి మొగుడి నెత్తిమీద వేసింది. అతను మోకాళ్లమీద పడ్డాడు. ఆమె మళ్లీ ఎత్తి మళ్లీ వేసింది. అద్దం పగిలి ముక్కలు అతని మెడలో దిగాయి. మూడోసారి ఎత్తబోతే సరోజ ఆపింది.

"సాలు చెల్లె. నడువు."

ఆటో దాకా ఒకరినొకరు మోసుకుంటూ వెళ్లారు. నాగప్ప వాళ్లను చూసి ఏమీ అడగకుండా బండి తీశాడు. దారిలోనే సరోజ పోలీసులకు ఫోన్ చేసి, ఇంట్లో ఒక మనిషి పడి ఉన్నాడని కూడా చెప్పింది.

వెంకట్రాములు చావలేదు. పదిహేడు కుట్లు పడ్డాయి. ఆడవాళ్లిద్దరూ పెట్టిన కేసుకు, తననే చంపబోయారని ఎదురు కేసు పెట్టాడు. ఊరి పెద్దలు నాగర్‌కర్నూల్ దవాఖానకే వచ్చి రాజీ కమ్మన్నారు. "మొగుడన్నంక ఓ దెబ్బ ఏస్తడు బిడ్డా" అన్నాడొక పెద్దాయన. జయశ్రీకి కుడిచెవి పూర్తిగా పోయింది. ఎడమచెవి అతని వైపు తిప్పి విని, "నేను గూడ ఏసిన పెదనాయినా. జడ్జికాడ గూడ గదే చెప్త" అంది. పెద్దలు లేచి వెళ్లిపోయారు.

రెండు కేసులూ ఇంకా నడుస్తున్నాయి. జయశ్రీ నాగర్‌కర్నూల్‌లో గది తీసుకుని ఒక హాస్టల్ వంటలో పనిచేస్తోంది. సరోజ మణికట్టులో ఇనుపపట్టీ వేశారు. వేళ్లు మునుపటిలా వంగవు. ఆ రోజు తాను అబద్ధమే చెప్పి ఉంటే ఆ చెవి దక్కేదేమోనని చాలాకాలం ఆమెకు నిద్ర పట్టలేదు. ఒకసారి జయశ్రీతోనే ఆ మాట అంది.

"దక్కుతుండె," అంది జయశ్రీ, "ఇంకొన్ని దినాలు."

సరోజ ఇప్పుడు ఎవరి ఇంటికీ వెళ్లదు. టీవీ దుకాణానికే తేవాలంటుంది. ఎడంచేత్తో సోల్డరింగ్ పెట్టడం శేఖర్ దగ్గర మళ్లీ మొదట్నుంచీ నేర్చుకుంటోంది.